ఎడమ మడ్‌గార్డు

కళ్లు మూసుకుని గౌరయ్య రేకు మీద అరచెయ్యి ఆనించి మెల్లగా కిందికి జార్చాడు. పైన మొదలైన వంపు చేతి కింద నిండుగా లేచి, మణికట్టు దాటేసరికి సన్నబడి, చివర నీటిబొట్టు తోకలా నేలవైపు జారిపోవాలి. సగం దాకా అలాగే వచ్చింది. ఆ తర్వాత జానెడు మేర చెయ్యి తడబడింది. కంటికి కనపడని గుంట. బొగ్గుముక్కతో దాని చుట్టూ గీత గీసి, మడ్‌గార్డును ఇసుక సంచి మీద బోర్లించి, కొయ్య సుత్తి అందుకున్నాడు.

అప్పటికి పొద్దు బారెడెక్కింది. సూర్యాపేటలో బెజవాడ రోడ్డు పక్కన, తాటికమ్మలు కప్పిన ఆ కొట్టం ముందు నీలంరంగు బ్యూక్ కారు ఎడమ మడ్‌గార్డు లేకుండా, ఒక పక్క దవడ ఊడిన మొహంలా నిలబడి ఉంది. అది మిర్యాలగూడలో వడ్ల వ్యాపారం చేసే సేటుది. నాలుగు రోజుల కింద మునగాల దగ్గర మలుపులో ఎదురుగా వచ్చిన ఎడ్లబండి నొగ గుచ్చుకుని ఆ మడ్‌గార్డు లోపలికి కూలబడింది. బెజవాడలో అయితే అంతమేర కోసేసి వేరే రేకు అతికిస్తామన్నారట. ఆ మాట డ్రైవరు చెప్పినప్పుడు, తన వేలే ఎవరో కోస్తామన్నట్టు చూశాడు గౌరయ్య.

"కొయ్యొద్దు. ఇనుము ఏడికీ పోలే. ఉన్నకాడనే ముడుసుకున్నది. జర ఓపిక వడితే మల్ల వస్తది," అన్నాడు.

ఆయన పొట్టి మనిషి. అరవై దాటాయి. యాభై ఏళ్లు సుత్తి ఎత్తిన కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్లు కిందికి వాలిపోయింది. కొలిమి సెగకు కనుబొమ్మలు కాలికాలి, ఇక మొలవడం మానేశాయి. రోజంతా చెవి పక్కనే లోహం మోగడం వల్ల వినికిడి సగం పోయింది. అందుకే మెల్లగా చెప్పాల్సిన మాట కూడా గట్టిగా చెబుతాడు, లేకపోతే అసలు చెప్పడు. అరచేతులు మాత్రం వయసుకు లొంగలేదు. చర్మం మొద్దుబారి, గీతలన్నీ మసితో నిండిపోయినా, వెంట్రుక మందం ఎత్తుపల్లాన్ని కూడా పట్టేసేవి.

పుట్టుకతో కంచరి. తాత, తండ్రి బిందెలు, గుండిగలు, చెంబులు కొట్టారు. గౌరయ్య కొట్టిన ఇత్తడి బిందెకు పేట అంగట్లో ఒక గుర్తింపు ఉండేది. చంకన పెట్టుకుంటే నడుముకు ఒదిగిపోతుందని ఆడవాళ్లు అడిగి మరీ కొనేవాళ్లు. తర్వాత తేలికపాటి సత్తు గిన్నెలొచ్చాయి. యుద్ధం వచ్చి ఇత్తడి రేకు దొరక్కుండా పోయింది. లాంతర్లకు మాట్లు వేశాడు. బకెట్లకు అడుగులు కట్టాడు. ఒక రోజు ఒక బస్సు యజమాని సొట్టపోయిన రేకు తెచ్చి పడేస్తే, బిందె కడుపును తీర్చినట్టే దాన్నీ తీర్చి ఇచ్చాడు. అప్పటినుంచీ అదే బతుకుదెరువు.

ఈ బ్యూక్‌ను ఆయన మొదటిసారి చూసింది పదేళ్ల కింద, అది కొత్తగా వచ్చినప్పుడు. అంతకుముందు ఆ రోడ్డున తిరిగిన కార్లు గౌరయ్యకు నచ్చేవి కావు. పెట్టె మీద పెట్టె పెట్టి చక్రాలు బిగించినట్టు ఉండేవి, నిలువు అద్దాలు, చదును రేకులు. ఇది అలా కాదు. ముందు భాగం నుంచి వెనక దాకా ఎక్కడా మూల అన్నది లేదు. చక్రాల మీద రేకు ఉబికి, సాగి, తలుపు కిందికి వచ్చేసరికి ఎక్కడ అయిపోయిందో తెలియకుండా కలిసిపోయింది. ముక్కు మీద వెండి కమ్ములు పైనుంచి కిందికి నీళ్లు దూకినట్టు జారాయి. దుమ్ము లేపుకుంటూ అది వెళ్లిపోయాక కూడా గౌరయ్య రోడ్డు మధ్యనే నిలబడిపోయాడు.

ఇంటికెళ్లి పెళ్లాంతో, "ఇయ్యాల రోడ్డు మీద బిందె ఉరుక్కుంట పోయింది అలివేలూ," అన్నాడు.

అలివేలు పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చాలా ఏళ్లు ఆ ఇంట్లో ఉండేది.

"కాకా, ఎంత సేపయితది?" కారు నీడలో కూర్చున్న డ్రైవరు దీప్లా అడిగాడు. దామరచర్ల దగ్గరి తండా మనిషి. యుద్ధంలో మిలిటరీ లారీలు నడిపి వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. "సేటు కోదాడల ఉన్నడు. పొద్దుగూకే లోపట బండి ఆడుండాలె. రేపు బెజవాడల పెండ్లికి పోతడంట."

"అయితది," అన్నాడు గౌరయ్య తల ఎత్తకుండానే.

సాగిపోయిన చోట రేకును కొలిమి బొగ్గుతో రూపాయి బిళ్లంత మేర ఎర్రగా కాల్చి, తడిపిన గోనెగుడ్డ అద్దాడు. సుయ్యిమని ఆవిరి లేచింది. రేకు ముడుచుకుంది. ఇత్తడి అయితే కాల్చగానే పసిబిడ్డలా మెత్తబడుతుంది. ఇనుము అలా కాదు, మొండిది. కొంచెం ఎక్కువ కొడితే ఇంకా సాగుతుంది, ఇంకొంచెం కొడితే పగులుతుంది. కాల్చి, అద్ది, కొట్టి, నిమిరి, మళ్లీ కాల్చాడు. నడుమ రెండుసార్లు సుత్తి పక్కన పెట్టి ఎడమ చెయ్యి భుజం నుంచి మోచేతి దాకా పిసుక్కున్నాడు. పది రోజులుగా ఆ నొప్పి వచ్చిపోతూనే ఉంది. మడ్‌గార్డును అదిమిపట్టే చెయ్యి కదా, పట్టేసిందనుకున్నాడు.

"ఏమైంది కాకా? దవాఖానకు పోదామా?"

"పనిజేసే చెయ్యి నొయ్యదా?"

కొంతసేపటికి తనే అడిగాడు. "దీప్లా, దీన్ని ఎవలు జేసిన్రు?"

"అమెరికాల జేస్తరంట. మిషన్లుంటయి. ఒక్క దెబ్బకు గుద్దుతయి."

"మిషను అచ్చు గుద్దుతది. ఆ అచ్చు గిట్లుండాలె అని అనుకున్నోడు మనిషే గదా? ఆడెవడో నీళ్లను మస్తుగ సూసినోడు." అని మళ్లీ వంగిపోయాడు.

మధ్యాహ్నం దీప్లా తన జొన్నరొట్టె సగం విరిచి ఇచ్చాడు. గౌరయ్య రెండు ముక్కలు తిని మిగతాది ఆకులో చుట్టి పెట్టాడు. అలివేలు పోయాక ఆకలి సమయానికి రావడం మానేసింది.

కిందటేడు యూనియన్ మిలిటరీ కోదాడ మీదుగా వచ్చి, ఈ రోడ్డునే రోజంతా వరసగా పోతుంటే పేట జనమంతా జెండాలు పట్టుకుని చూశారు. గౌరయ్య కూడా ఈ కొట్టం గుంజ పట్టుకుని చూశాడు. ఆయన చూసింది బండ్ల రేకులను. "ఒక్కదానికన్న అందం లేదు," అన్నాడు పక్కనున్న మనిషితో. ఆ బండ్లు నాలుగు నెలలు ముందొచ్చి ఉంటే తన అల్లుడు బతికేవాడని మాత్రం ఎవరితోనూ అనలేదు.

అల్లుడు ముత్తయ్య కోదాడలో వడ్రంగి పని చేసేవాడు. రజాకార్లను ఎదిరించే సంఘంలో కలిశాడు. ఆ ఎండాకాలం ఒక సందెవేళ, రజాకార్లు వీధి వీధీ గాలిస్తుండగా, అతను పేటకొచ్చి మామ ఇంటి తలుపు తట్టాడు. "మామా, నేను. ముత్తయ్యను." రెండు రోజుల కిందే పక్క వాడలో సంఘం మనిషికి అన్నం పెట్టారని ఒక ఇల్లు కాల్చేశారు. గౌరయ్య గడియ మీద చెయ్యి వేశాడు. తియ్యడానికే వేశాడు. కానీ ఆ చెయ్యి గడియను తియ్యలేదు, అదిమి పట్టుకుంది. రెండో చేత్తో అలివేలు నోరు మూశాడు. తలుపు అవతల ముత్తయ్య కొంతసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత అడుగుల చప్పుడు దూరమైంది. సగం చెవుడున్న గౌరయ్యకు ఆ ఒక్క చప్పుడు మాత్రం పూర్తిగా వినిపించింది. ఊరు దాటకముందే ముత్తయ్యను పట్టుకున్నారు. శవం కూడా ఇవ్వలేదు.

అలివేలు ఆ సంగతి కూతురికి దాచలేదు. దాచలేకే కాబోలు, ఆ వానాకాలమే మంచంపట్టి పోయింది. తల్లి శవాన్ని చూడటానికి లక్ష్మి కోదాడ నుంచి వచ్చింది. తండ్రితో ఒక్క మాట మాట్లాడలేదు. మూడోనాడు లేచి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. గౌరయ్యా వెళ్లలేదు. ముత్తయ్య ఇంట్లోనే ఉంటూ విస్తళ్లు కుట్టి బతుకుతోందని ఆ దారిన పోయేవాళ్లు చెబితే విన్నాడు.

పొద్దు వాలుతుండగా మడ్‌గార్డు కుదిరింది. ఇద్దరూ ఎత్తి, బోల్టులు బిగించారు. రంగు పోయిన మేర ఇనుము తెల్లగా మెరుస్తోంది. రంగు బెజవాడలో వేయిస్తారు. దీప్లా కళ్లు మూసుకుని, గౌరయ్య చేసినట్టే అరచెయ్యి జార్చి చూశాడు. మళ్లీ చూశాడు.

"ఏడ తాకిందో దొరుకుతలేదు కాకా."

గౌరయ్య కుడివైపు మడ్‌గార్డు దగ్గరికి వెళ్లి దాన్ని నిమిరాడు. తిరిగొచ్చి ఎడమదాన్ని నిమిరాడు. రెండూ ఒకటే. చెయ్యి అక్కడే ఉంచి నిలబడ్డాడు.

"కాకా, నేను కోదాడకే పోతున్న గదా. నువ్వు గూడ కూసో," అన్నాడు దీప్లా. "బిడ్డను సూసి, రేపు పొద్దుగాల బస్సెక్కి రావొచ్చు."

ఇంతకుముందు ఎవరన్నా ఆ మాటే కదిపితే, వినపడనట్టు సుత్తి ఎత్తేవాడు. ఇవాళ చేతిలో సుత్తి లేదు. రోడ్డు వైపు చూశాడు.

"తలుపు తీస్తదా?" అన్నాడు. ఎప్పటిలా గట్టిగా కాదు.

"తీయకుంటే తిరిగొద్దాం. గంతేగద."

గౌరయ్య లోపలికి వెళ్లి మొహం కడుక్కుని, ఉతికిన ధోవతి కట్టుకుని వచ్చాడు. ముందు సీట్లో, ఎడమవైపు కూర్చున్నాడు. మెత్తటి సీటులో ఎంత బరువు మోపాలో తెలియనట్టు, మొదట కొంతదూరం వెన్ను ఆనించకుండానే కూర్చున్నాడు.

చింతచెట్ల నడుమ కారు పోతోంది. గౌరయ్య ఇటూ అటూ చూడలేదు. ముందున్న అద్దంలోంచి ఎడమ మడ్‌గార్డునే చూస్తున్నాడు. రంగులేని ఆ ఇనుము మీద చెట్లు ముందునుంచి వచ్చి, వంపు పొడవునా సాగి, వెనక్కి జారిపోతున్నాయి. ఎక్కడా తెగడం లేదు. ఎక్కడా వంకర పోవడం లేదు. చెట్లు లేనిచోట పడమటి వెలుగు మొత్తం దాని మీద ఒక్కసారి నిండి, మెల్లగా ఒలికిపోతోంది. నిలబడి ఉన్న రేకును యాభై ఏళ్లు చూశాడు గానీ, పరుగెత్తే రేకును దాని పక్కనే కూర్చుని చూడటం ఇదే. ఆ అమెరికావాడు ఎందుకలా గీశాడో ఇప్పుడర్థమైంది. ఇది నిలబెట్టి చూసే అందం కాదు.

దీప్లా ఏవేవో చెబుతున్నాడు. బర్మాలో బురద గురించి, లారీల గురించి. ఎడమ చేతిలో నొప్పి గుండెలోకి పాకింది. గౌరయ్య వెన్ను మెల్లగా సీటుకు ఆనించాడు. మునగాల దాటాక ఆ మలుపు వచ్చింది. "గీడనే కాకా, బండి తాకింది," అన్నాడు దీప్లా. గౌరయ్య తల అద్దం వైపు వాలి ఉంది. నాలుగు రోజుల నుంచి ఒళ్లు తెలియకుండా పనిచేశాడు పాపం, పండుకోనీ అనుకుని, దీప్లా గుంతలు తప్పిస్తూ నెమ్మదిగా నడిపాడు.

కోదాడలో లక్ష్మి అరుగు మీద కూర్చుని మోదుగాకులు కుడుతోంది. వాకిట్లో కారు ఆగితే ఉలిక్కిపడి లేచింది.

"సూర్యాపేట నుంచి వస్తున్న చెల్లే," అన్నాడు దీప్లా దిగుతూ. "కాకా వచ్చిండు. నిద్రవట్టింది, లేపలే."

లక్ష్మి కారు వైపు ఒక్కసారి చూసి మొహం తిప్పుకుంది. మళ్లీ కూర్చుని పుల్ల చేతికి తీసుకుంది.

"ఎందుకొచ్చిండు?"

దీప్లా కారు వైపు చూశాడు.

"నా మొగడు తన పేరు జెప్పి మరీ పిలిసిండు. గప్పుడు యినరాలేదు ఆయినెకు." తండ్రికి వినపడాలనే గొంతు పెంచింది. "ఇప్పుడు నేను పిలుస్తననుకుంటున్నడా? నేను పిలువ. ఆడనే కూసోనియ్యి."

ఆకులు ఒళ్లోనే ఉన్నాయి. చేతులు కదలడం లేదు. కొంతసేపటికి విసురుగా లేచి లోపలికి వెళ్లింది. కుండలో చెంబు ముంచిన చప్పుడయింది. చెంబుతో బయటికొచ్చి, "కాళ్లు కడుక్కొమ్మను," అని దీప్లాకు ఇవ్వబోయింది. ఇవ్వలేదు. తనే కారు దగ్గరికి నడిచి తలుపు తీసింది.

గౌరయ్య కళ్లు సగం తెరిచి ఉన్నాయి.

"నాయినా," అంది.

వినపడదు కదా అని, వంగి, ఇంకొంచెం గట్టిగా పిలిచింది. మోకాలి మీదున్న చెయ్యి పట్టుకుంది. అది బరువుగా జారి సీటు మీద పడింది.

దీప్లా "కాకా, కాకా" అంటూ అటువైపు నుంచి భుజం కుదిపాడు. తర్వాత కుదపడం మానేసి నేల మీద కూలబడ్డాడు.

లక్ష్మి ఏడవలేదు. కారు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, తండ్రి పాదాలు రెండూ బయటికి తీసి, చెంబులో నీళ్లు మెల్లగా పోసింది. మడమల పగుళ్లలో మసి కరగలేదు. కొంగుతో రుద్దింది. మళ్లీ పోసింది.

"చెప్పులేయి?" అంది చివరికి.

దీప్లా కారులో వెతికాడు. కనపడలేదు.

సూర్యాపేటలో కొట్టం ముందు, కారు నిలబడిన చోట, ఒకరి ఇంట్లోకి అడుగుపెట్టే ముందు విడిచినట్టు పక్కపక్కనే విడిచిన రెండు తోలుచెప్పులు, మడమల దగ్గర అరిగిపోయి, రోడ్డు దుమ్ము కింద మెల్లగా రంగు మారుతున్నాయి.