పిక్కల వెన్న

నౌపడ చుట్టుపక్కల పల్లెల్లో గున్నమ్మ కంటే గున్నమ్మ గొంతే ముందు వచ్చేది. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఆవిడ ఇంకా ఉప్పుమళ్ళ గట్టు మీద ఉండగానే ఆ కేక విని ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని గుమ్మాల్లోకి వచ్చి నిలబడేవారు. కేక వెయ్యనప్పుడు ఆ నోట్లో చుట్ట ఉండేది. అదీ అడ్డపొగ, నిప్పున్న కొస నోటి లోపలికి పెట్టుకుని పీల్చడం. అలాగైతే సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదు, రవ్వ చీర మీద పడదు, రెండు చేతులూ బుట్టకే ఉంటాయి. వాళ్ళమ్మ అలాగే కాల్చింది, అత్త అలాగే కాల్చింది. గున్నమ్మకి అది తప్పనిపించలేదు.

హుదూద్ తుఫాను వచ్చిన మరుసటి ఏడు ఆవిడ అంగిట్లో పుండు లేచింది. కారం తగిలిందనుకున్నారు. మానలేదు. కోడలు తులసి విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళేసరికి అంగిలిలో సగం తీసెయ్యాలన్నారు. గున్నమ్మ కొడుకు నాగబాబు అప్పటికే గుజరాత్ వెళ్ళిపోయాడు, వేరావల్ రేవులో చేపల బోటు మీద కళాసీ. బోటు సముద్రంలో ఉంటే ఫోను కలవదు. కలిసే నాటికి ఆపరేషను అయిపోయింది.

తులసి మాట తక్కువ మనిషి. పెళ్ళయిన కొత్తలో బుట్ట నెత్తికెత్తి వీధిలోకి తోస్తే గొంతు పెగలక చేపలన్నీ తిరిగి తెచ్చింది. "నోరు నేని గుంటని కట్టబెట్టినారు నా కొడుక్కి," అని గున్నమ్మ ఆ రోజు నుంచీ అంటూనే ఉంది. ఆపరేషను తర్వాత ఆ అనే నోరు పోయింది. మాటలన్నీ ముక్కులోంచి వచ్చి ఒకదాన్లో ఒకటి కలిసిపోయేవి. అంగిట్లో కంతకి అడ్డంగా పెట్టుకోమని ప్లేటొకటి ఇచ్చారు గాని, అది ఒరుసుకుని నెత్తురు కారేది. తీసి పక్కన పడేసేది. గంజి పోస్తే ముక్కులోంచి వచ్చేసేది. అన్నం మెత్తగా కలిపి పెడితే మెతుకు కంతలో ఇరుక్కుని దగ్గులు. మనిషి రోజురోజుకీ ఎండిపోయింది.

మళ్ళీ చూపించడానికి వెళ్ళినప్పుడు ఒక నర్సమ్మ తులసిని పక్కకి పిలిచింది.

"వేరుశనగ వెన్న చేసి పెట్టమ్మా. బలం వస్తుంది. బజార్లో సీసాల్లో దొరుకుతుంది గాని అది కొనకు, బంకలా అంటుకుంటుంది. నువ్వే ఇంట్లో నూరి, జారుగా చేసి పెట్టు. నీళ్ళలా కాకూడదు, ముద్దలా కాకూడదు."

తులసి ఇంటికి రాగానే వేరుశనగ పిక్కలు చిన్న సెగ మీద వేయించింది. చల్లారాక చాటలో నలిపి పొట్టు ఎగరేసింది. సన్నికల్లు కడిగి ఆరబెట్టి నూరడం మొదలుపెట్టింది. ముందు పిండి అయింది. తర్వాత ఉండ కట్టి రాతికి పట్టుకుంది. ఇది వెన్నయ్యేది కాదులే అని ఆపబోయి, ఇంకొంచెం చూద్దామని ఇంకొంచెం నూరితే పిక్కలే నూనె వదిలి మెల్లగా జారడం మొదలుపెట్టాయి. చెంచాతో తీసి అత్త నాలుక మీద పెట్టింది. అది వెళ్ళి సరిగ్గా కంత దగ్గరే అతుక్కుంది. గున్నమ్మ కళ్ళు తేలేసింది. తులసి వేలు పెట్టి తీసి, వీపు మీద చరిచి, ఊపిరి ఆడాక, మిగిలిన వెన్న మళ్ళీ గిన్నెలోకి ఎత్తింది.

వేడినీళ్ళు కలిపి చూసింది. నీళ్ళు పడగానే వెన్న పల్చబడాల్సింది పోయి ఇంకా బిగుసుకుంది. విసుగొచ్చి మరికాసిని పోసి కలిపితే అప్పుడు వదులైంది. పక్కింటి లక్ష్మణమ్మ పలాసలో జీడిపప్పు ఒలిచే పనికి వెళ్ళేది. ఆవిడ తెచ్చిన విరిగిన పలుకులు నానబెట్టి నూరి ఇందులో కలిపితే బంక సాగడం తగ్గింది. కాస్త బెల్లం పాకం పోసింది. రెండు వేళ్ళ మధ్య రాసి చూసి, ఇసుక రేణువంత పలుకు తగిలినా మళ్ళీ రాతి మీద వేసేది. గున్నమ్మని గోడకి ఆనించి కూర్చోబెట్టి, గడ్డం కిందికి వంచి, సగం చెంచా పెట్టి, మింగిందని గొంతు చూసి, అప్పుడు రెండోది. ఒక పూట తిండి అయ్యేసరికి ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చేది.

గున్నమ్మ తిన్నది. చలి మొదలయ్యేసరికి చెంపల మీద కాస్త కండ పట్టింది. మాట్లాడ్డం కూడా మొదలుపెట్టింది. ఆ మాట ఊళ్ళో ఎవరికీ అర్థమయ్యేది కాదు. వచ్చినవాళ్ళు తల ఊపి వెళ్ళిపోయేవారు. దగ్గరగా కూర్చుని నోట్లోకి చూస్తూ పెట్టిన అలవాటు మీద తులసికి మాత్రం ఒక్కో మాటే తెలియసాగింది.

"ఇందులో ఉప్పెయ్యి," అంది ఒకనాడు గున్నమ్మ. "తీపి తిని తిని నోరు సచ్చిపోనాది."

"ఉప్పు మండుతాది అత్తా."

"మండనీ. నోరున్నాదని తెలుస్తాది."

తులసి చిటికెడు వేసింది. ఆ పూట గున్నమ్మ కన్నీళ్ళు కారుతున్నా గిన్నె ఖాళీ చేసింది. తిన్నాక తులసి మణికట్టు పట్టుకుని, నూరి నూరి కాయలు కాసిన అరచేతిని తిప్పి చూసి వదిలేసింది. ఆవిడ కోడల్ని అంతకంటే మెచ్చుకున్నది ఎప్పుడూ లేదు.

చలి తగ్గే రోజుల్లో మెడ పక్కన గడ్డ తేలింది. మళ్ళీ కొయ్యొచ్చు గాని లాభం ఉంటుందని చెప్పలేం, ఎలా చూసినా కొన్ని నెలలేనన్నారు డాక్టర్లు. గున్నమ్మ రైల్లో తిరిగి వస్తూ కిటికీ వైపు తిరిగి, "ఇంక కత్తెట్టనివ్వను," అంది. తులసి సరేనంది. ఫోన్లో నాగబాబుకి గడ్డ సంగతి చెప్పింది గాని, బతుకు కొన్ని నెలలేనన్న మాట నోటికి రాలేదు. "పిక్కల వెన్న తింతంది. బాగానే ఉన్నాది," అంది.

వేరావల్‌లో వేట ఆపేశాక, ఎండలు ముదిరినప్పుడు, నాగబాబు ఇంటికి వచ్చాడు. సంచిలోంచి తల్లికని తెచ్చిన సీసా తీసి చూపించాడు. పెద్ద షాపులో కొన్నాడట. మీద వేరుశనగకాయల బొమ్మ.

"అమ్మ ఇదే తింతందని నువ్వు సెప్పినావు కదేటి. ఇది మిషన్లో ఆడించింది. నువ్వు రాతి మీద నూరేదాని కంటే బలం."

"అది అంటుకుపోతాది మావా. మద్దెలో పలుకులు కూడా ఉన్నాయి సూడు. అత్తకి పనికిరాదు. మనం తిందాం."

"సరేలే," అన్నాడు నాగబాబు. కాని మొహం చిన్నబోయింది. తల్లి పక్కన కూర్చుంటే ఆవిడ ఏదో అంటుంది, ఇతనికి ఒక్క ముక్క అర్థం కాదు. ప్రతిసారీ తులసి వైపు చూడాలి. తన తల్లి మాట తనకి పెళ్ళాం చెప్పాల్సి వచ్చింది.

అత్త పడ్డాక బుట్ట తులసే ఎత్తింది, కేక వెయ్యలేక గుమ్మం గుమ్మం ముందూ ఆగేది. వేట నిషేధం రోజులు కాబట్టి ఇప్పుడు ఎండుచేపలు అమ్ముకు వచ్చేది. ఒక ఉదయం అత్తకి వెన్న పెట్టి, మిగిలింది గిన్నెలో మూత పెట్టి, "ఎండెక్కే ముందు వచ్చేస్తాను," అని బుట్ట ఎత్తుకుంది. తిరిగి వచ్చేసరికి లక్ష్మణమ్మ వీధిలోకి ఎదురొచ్చింది. "బేగి రాయే, మీ అత్తకి పొలమారింది," అంది.

లోపల గున్నమ్మ పక్కకి ఒరిగి ఉంది. చీర మీద, చాప మీద గోధుమరంగు ముద్దలు. నాగబాబు తల్లి వీపు నిమురుతున్నాడు. పక్కన మూత తీసిన సీసా.

"బాగానే తిన్నాదే," అన్నాడు. "ఒక్క సెంచా కూడా వద్దననేదు. ఆఖర్న కొంచెం పొలమారింది. తగ్గిపోనాదిలే."

తులసి అత్త మొహం తుడిచి, దీపం తెచ్చి నోరు తెరిపించి చూసింది. కంతలో ఇంకా అంటుకుని ఉన్న ముద్దని తడిగుడ్డతో కొంచెం కొంచెంగా తీసింది. గున్నమ్మకి తెలియదా అది దిగదని? తను పెట్టేటప్పుడు కాస్త చిక్కబడితే చెయ్యి అడ్డం పెట్టే మనిషి. కొడుకు పెడుతుంటే నోరు తెరిచింది.

సాయంత్రానికి దగ్గు తగ్గినట్టే కనిపించింది. మర్నాడు ఒళ్ళు కాలిపోయింది. ఆ మర్నాటికి ఊపిరి తీస్తుంటే ఛాతీలో నీళ్ళు మరుగుతున్నట్టు చప్పుడు. ఊళ్ళో వైద్యం చేసే అసిరయ్య వచ్చి గొట్టం పెట్టి విన్నాడు. నాగబాబు ఆటో కోసం వెళ్ళగానే తులసితో చిన్నగా అన్నాడు.

"తిన్నదేటో ఊపిరితిత్తుల్లోకి పోనాదమ్మా. ఈ మనిషి తట్టుకోనేదు. టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్ళండి గాని, ఆశెట్టుకోకండి."

గున్నమ్మ ఆ మాట విన్నది. కళ్ళు తెరిచి ఉన్నాయి.

నాగబాబు పరుగున వచ్చి, "ఆటో వస్తన్నాది అమ్మా," అంటూ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గున్నమ్మ కొడుకుని చూసింది. తర్వాత కోడలి వైపు తిరిగి, ఊపిరి ఆగి ఆగి వస్తుంటే, ముక్కులోంచి ఆ కలిసిపోయిన గొంతుతో అంది.

"ఆడికి సెప్పకే. ఆడి సేతి తిండి వల్లని తెలిస్తే ఆడు బతకడు. ఎప్పుడూ సెప్పకు."

నాగబాబు ఇద్దరి మొహాలూ చూశాడు. "ఏటంతందే? అమ్మ ఏటంతంది?"

తులసి అత్త మీద జారిన దుప్పటి పైకి లాగింది.

"నువ్వు పొద్దున్నుంచీ ఏటీ తిననేదంట. నీకు అన్నం ఎట్టమంతంది."

నాగబాబు తల్లి పాదాల మీద తల పెట్టి ఏడ్చాడు. గున్నమ్మ కళ్ళు మూసుకుంది. టెక్కలి దారిలోనే ప్రాణం పోయింది. ఆటో వెనక్కి తిప్పారు.

దినాలకి బంధువులు వచ్చారు. చనిపోయిన మనిషి ఎంత చిక్కిపోయిందో చెప్పుకున్నారు. "అన్నం ఎట్టకుండా ఏడాది పొడుగునా పిక్కల ముద్దే ఎట్టినాదంట కోడలు," అంది నాగబాబు మేనత్త, తులసికి వినపడేట్టుగానే. "ఎంత నోరు బాగోకపోతే మాత్రం మనిషికి మెతుకు అక్కర్నేదా?"

నాగబాబు అడ్డుచెబుతాడని తులసి చూసింది. అతను తల వంచుకుని కూర్చున్నాడు. అందరూ వెళ్ళాక ఇద్దరే మిగిలినప్పుడు అన్నాడు.

"మేనత్త అన్నదాంట్లో తప్పేటుంది? అన్నం ఎట్టి ఉంటే ఇంకొన్నాళ్ళు బతికేది. నాను దూరంగా ఉన్నాను. దగ్గరున్నది నువ్వు."

తులసి చేతిలో ఉన్న చెంబు కింద పెట్టింది. మాట నాలుక మీదికి వచ్చేసింది. అసిరయ్య అన్నది, కంతలోంచి తను తీసిన ముద్ద, అత్త ఆఖరి మాట, అన్నీ ఒక్కసారే పైకి వచ్చాయి. ఒక్కటి చెబితే చాలు, ఈ మనిషి జన్మలో తనని ఇంకో మాట అనడు.

నాగబాబు లేచి అలమరలోంచి సీసా తీశాడు. వేలితో కాస్త తీసి నోట్లో పెట్టుకున్నాడు.

"ఇదొక్కటి తృప్తిగా తిన్నాది," అన్నాడు. "నా సేత్తో. అమ్మకి నాను సేసింది ఇదొక్కటే తులసీ. ఇది కూడా సెయ్యకపోతే ఎలా బతుకుదును?"

తులసి చెంబు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

తర్వాత రోజూ అతను ఆ సీసా ముందు పెట్టుకుని కూర్చునేవాడు. రొట్టెకి రాసుకుని కొంచెం, ఉత్తదే కొంచెం. తల్లిది పారెయ్యకూడదన్నట్టు అడుగు దాకా గీకి తిన్నాడు. ఒకసారి తులసికీ చెయ్యి చాచి, "నువ్వూ కొంచెం తిను," అన్నాడు. ఆమె తిన్నది. పలుకులు పళ్ళ కింద నలిగాయి. ముద్ద అంగిలికి అతుక్కుంటే నాలుకతో తోసుకోవాల్సి వచ్చింది. మంచినీళ్ళు తాగి, ఇంకాస్త తిన్నది.

వేట మొదలయ్యే రోజులు దగ్గర పడగానే వేరావల్ నుంచి ఫోనొచ్చింది. నాగబాబు బట్టలు సర్దుకున్నాడు. నౌపడ స్టేషను దాకా తులసి వెంట వెళ్ళింది. వాన పడి ఉప్పుమళ్ళన్నీ నీళ్ళతో నిండి ఉన్నాయి. బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నారు. పోయినేడు బయల్దేరేటప్పుడు అతను అమ్మని చూసుకోమని మళ్ళీ మళ్ళీ చెప్పాడు. ఈసారి చెప్పడానికి ఏమీ లేకపోయింది.

రైలు కూత దూరంగా వినిపించినప్పుడు అతను అన్నాడు.

"నా మీద కోపమేటి?"

"నేదు."

"ఆ రోజు అలా అనకూడదు నాను."

"పోనీలే మావా."

రైలు ఆగింది. అతను సంచి లోపల పెట్టి గుమ్మంలో నిలబడి, కళ్ళు తుడుచుకుని, నవ్వబోయాడు. బండి కదిలాక చెయ్యి ఊపాడు. తులసి కూడా ఊపింది. ఆఖరి పెట్టె దాటిపోయాక కూడా అక్కడే కూర్చుంది. ఇన్నాళ్ళూ గున్నమ్మ మాట వినడానికి తనొక్కతే ఉండేది. ఇప్పుడు ఆ మాట మొయ్యడానికీ తనొక్కతే. అత్త దాన్ని ఎవరికి అప్పజెప్పాలో చూసుకునే అప్పజెప్పింది, అనుకుంది. అందులో తన మీద ప్రేమ ఎంతో, కొడుకు మీద ప్రేమ ఎంతో ఆమెకి తెలియలేదు.

మళ్ళీ వాన పట్టింది. తులసి కొంగు తల మీదికి లాక్కుని గట్టు మీదుగా ఇంటికి నడిచింది.