మిగులు కిరసనాయిలు

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. అత్తగారు ముందుగదిలో గురక పెడుతున్నారు. కోడలు గిన్నెలు తోముతుంటే ఫోన్ మోగింది. చమురు శుద్ధి చేసే ఫ్యాక్టరీ ల్యాబు నుంచి భర్త.

"స్టవ్‌లో నిన్న తెచ్చిన కిరసనాయిలు పోశావా?"

"ఇంకా లేదు. పాతదే ఉంది. ఏం?"

"పొయ్యకు. ముట్టుకోకు."

ముడిచమురును కాచి పొడుగాటి స్తంభంలోకి పంపితే తేలికైనది పైకి పోతుందనీ, బరువైనది అడుగున ఉండిపోతుందనీ ఆమెకు తెలుసు. పెళ్ళైన కొత్తలో అన్నం గిన్నె మూత ఎత్తి, దానికి పట్టిన నీటి చుక్కలు చూపిస్తూ అతనే చెప్పాడు. అన్నిటికన్నా పైన గ్యాసు, పెట్రోలు, వాటి కింద కిరసనాయిలు, ఆ కింద డీజిలు, అట్టడుగున తారు.

"నిన్న స్తంభం పైభాగంలో ఏదో తేడా వచ్చింది. పెట్రోలు కొంత కిరసనాయిల్లో కలిసింది. గిన్నెలో పోసి వేడిచేసి మంట చూపిస్తే, బాగా కాగకముందే భగ్గుమందట."

పరీక్షకు పోగా మిగిలిన కిరసనాయిలు ల్యాబువాళ్ళు ఇళ్ళకు పట్టుకెళ్ళడం ఎప్పటినుంచో ఉన్నదే. పరీక్ష అయ్యాకే తీసుకోవాలన్నది వాళ్ళలో వాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు. నిన్న డ్యూటీ అయిపోయింది, ఇంటికెళ్ళే తొందర. రోజూ బాగానే ఉంటుంది కదా అని పరీక్ష కాకుండానే ఒంపుకొచ్చాడు.

ఆమె చేతిలోని గిన్నె తొట్టిలోకి జారింది.

"ఇందాకే పై ఇంటి టైలరక్క చేబదులు అడిగితే సీసాడు ఇచ్చానండీ."

టైలరక్క భర్త ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్. సంచులు తడిమేది ఆయనే.

"ఏదో ఒకటి చెప్పి వెనక్కి తెచ్చెయ్. సంగతి మాత్రం చెప్పకు. ఉద్యోగం ఊడుతుంది."

ఆమె తడిచేతులతోనే మెట్లెక్కింది. టైలరక్క నోట్లో దారం పెట్టుకుని, టీ గిన్నెలో నీళ్ళు పోస్తోంది. లోపల వాచ్‌మన్ చొక్కా వేసుకుంటున్నాడు.

"అక్కా, ఆ నూనె ఇచ్చెయ్యవా? మా అత్తగారు గోల పెడుతున్నారు."

"నిద్రలోనా? ఆవిడ గురక ఇక్కడికి వినిపిస్తోందే!" టైలరక్క నవ్వింది. "ఇచ్చి గట్టిగా గంట కాలేదు, అప్పుడే వసూలుకొచ్చావా తల్లీ. సరే, సీసాలో మిగిలింది పట్టుకుపో. స్టవ్‌లో పోసింది మాత్రం నాదే."

అంటూనే అగ్గిపెట్టె అందుకుంది.

"వెలిగించకక్కా!" ఆమె ఆ చెయ్యి పట్టేసుకుంది. "అందులో పెట్రోలు కలిసింది. అది కొన్నది కాదు. మా ఆయన ల్యాబు నుంచి తెచ్చింది."

వాచ్‌మన్ బయటికొచ్చాడు. స్టవ్‌నీ సీసానీ ఎత్తుకుని డాబా మీదికి వెళ్ళాడు. తిరిగొచ్చి చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

"ఎలా తెచ్చాడమ్మా?"

"టీ ఫ్లాస్కులో."

"రోజూ ఆ ఫ్లాస్కు చూసి, 'మాకూ ఓ కప్పు పొయ్యండి సార్' అని వేళాకోళం ఆడతాను." ఆయన నవ్వలేదు. "తను ఒక్కడే తెచ్చాడా?"

ఆ సంగతి ఆమెకు అప్పటిదాకా తట్టలేదు. భర్తకు ఫోన్ చేసింది.

"ఆ నూనె ఇంకెవరు తీసుకెళ్ళారు?"

"చెప్పేశావా!"

"చెప్పాను. వాళ్ళ ఇళ్ళకు ఫోన్ చేశారా?"

"వాళ్ళు నైటు డ్యూటీ చేసి పొద్దున ఇంటికెళ్ళి పడుకునుంటారు. నేను నెమ్మదిగా... పేర్లు బయటికొస్తే వాళ్ళ ఉద్యోగాలు కూడా పోతాయి. నా మొహాన ఉమ్ముతారు."

"నిద్ర లేవగానే ఇంట్లోవాళ్ళు చేసేది టీయే కదండీ."

ఆ ఇళ్ళకు చెప్పడానికి వాచ్‌మన్ తన ఫోన్ తీసి ఎదురు చూస్తున్నాడు. టైలరక్క నోట్లో దారం అలాగే ఉంది. అవతల అతను గట్టిగా ఊపిరి తీయడం ఆమెకు వినిపించింది. ఆ తర్వాత, చాలా మెల్లగా, మొదటి పేరు. ఆమె దాన్ని పైకి చెప్పింది.