ముంబై సెంట్రల్ దగ్గర దిగే నీత

నీత చీర కుచ్చిళ్లు సర్దుకుంటుంటే పొద్దున్నే మొదలుపెట్టిండు మొగుడు నిలేష్. "ఊరేదంటే పాలమూరు అను. ఇల్లెక్కడంటే ముంబై సెంట్రల్ అను. కామాటిపుర పేరెత్తకు, ఎర్రదీపాల గల్లీలే అనుకుంటరు." ఇదేమన్నా కొత్త మాటా? పెళ్లి కార్డు మీద కూడా ముంబై సెంట్రలే అచ్చేయించిరి. ఆఫీసు బండి ఇంటిదాకా వస్తానన్నా రోజూ స్టేషన్ కాడనే దిగి, కూరగాయల సంచి మోసుకుంట పావుగంట నడిచి కామాటిపుర పదో గల్లీ చేరేది. వచ్చి వంట చేసేది. ఇంటి ఇజ్జత్ కాపాడే పని కూడా కోడలిదేనాయె!

నిజం ఒక్క రుతుజకే చెప్పుకుంది. ఆఫీసుల పక్క సీటు, నాలుగేండ్ల దోస్తీ, ఒకే డబ్బాల తిండి, పోను రాను ఒకే బండి. "నా కడుపులోనే ఉంటది" అని రుతుజ చెయ్యి పట్టుకుంది కూడా.

ఆ రోజు వర్లి ఆఫీసులో డైవర్సిటీ డే. ఎవరి కట్టు వాళ్లది, ఎవరి పిండివంట వాళ్లది. నీత వంతు రాంగనే తెర మీద ఎర్రదీపాల గల్లీ, దాని పక్కన ఆమె ఫోటో. మైకు రుతుజ చేతిల ఉంది. "ఆ నరకం నుంచి బయటపడి మన మధ్య కూర్చున్న ధీర!" అందరూ లేచి ఒకటే చప్పట్లు. అయ్యో, ఏ నరకం? నిలేష్ తాత పాలమూరు నుంచి వచ్చి, రాళ్లు మోసి ఈ ఊరి మేడలు కట్టిండు. అత్త రత్నాబాయి బీడీలు చుట్టి కొడుకును చదివించింది. అవెవరికి కావాలె! ముందు సీటు అతుల్ మెల్లగ వంగి అడిగిండు, "మీ అమ్మ కూడా అక్కడేనా?" ఆ దీపాల కింద నిలబడే ఆడోళ్లు కూడా నీతనెన్నడూ ఇంత అగ్గువ చెయ్యలే.

"నీకు మంచి పేరొస్తదనే చేసిన నీతా," అంది రుతుజ. పేరెవరికొచ్చిందో మేనేజర్ రుతుజ భుజం తట్టినప్పుడే తెలిసిపోయె. నమ్మి చెప్పుకున్న మాటను బజార్ల పెట్టింది, దొంగమొహంది! అంతల నిలేష్ ఫోన్. ఆఫీసుల ఎవరో తీసిన వీడియో ఆయనదాకా పోయిందట. "నోరు మూసుకోమంటే తెల్వదా? ఇజ్జత్ తీసినవ్." నీకేమైందని ఒక్క మాట అడగలే. నీతకు ఏడుపొచ్చింది అప్పుడే.

సాయంత్రం బండి ఎప్పటిలెక్కనే స్టేషన్ కాడ ఆగింది. పక్కన రుతుజ కూర్చొని ఉంది. నీత దిగలే.

"పోనియ్ భయ్యా. ఫోరస్ రోడ్ దాటి, పదో గల్లీ."

బండి వాళ్లుండే చాల్, ఆ వరుస గదుల పాత మేడ ముందర ఆగింది. మెట్ల మీద రత్నాబాయి చాట ఒళ్లో పెట్టుకొని బియ్యంల రాళ్లు ఏరుతున్నది. నీత దిగి, బండి తలుపు పట్టుకొని లోపలున్న రుతుజ దిక్కు చూసింది.

"దిగు. ఆమె మా అత్త. నేను ఏ నరకం నుంచి బయటపడ్డనో, ఆమె ముందర చెప్పు."