నాగన్న బామ్మర్ది ఏమైండు?

మా గ్రంథాలయంలో మేం ముగ్గురం. నేను గ్రంథపాలకురాలిని. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే బల్ల దగ్గర లాల్ అహ్మద్ అన్న, పంతొమ్మిదేళ్ల సర్వీసు. జమ్ములమ్మ పొద్దున వచ్చి ఊడ్చి, పేపర్లు పరిచి పదింటికి వెళ్లిపోవాలి. కానీ పోదు. వచ్చిన వాళ్లతో మాట్లాడుతూ పన్నెండు దాకా ఉంటుంది.

హాలులో రోజూ నలభై మంది పోటీ పరీక్షల పిల్లలు కూర్చుంటారు. వాళ్ల పుస్తకాలు వాళ్లే తెచ్చుకుంటారు. మా బీరువాల వైపు చూడరు. నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలు వస్తున్నాయి కాబట్టి ఈసారి ఆ బీరువాలు తెరిపించాలని పట్టుబట్టాను. గుమ్మం ఎదురుగా బల్ల వేసి 'మేం మెచ్చిన పుస్తకాలు' అని అట్ట మీద రాయించాను. ముగ్గురం మాకు నచ్చినవి పెట్టాలి. ఒక్కోదాంట్లో ఒక చీటీ, ఎందుకు చదవాలో ఒక మాట, కింద సంతకం.

లాల్ అహ్మద్ అన్న మూడే పెట్టాడు. ఒకటి అపరాధ పరిశోధన నవల. ఒకటి లారీ డ్రైవరు రాసిన యాత్రల పుస్తకం. ఒకటి పక్షుల గురించి. జమ్ములమ్మ పచ్చళ్ల పుస్తకం తెచ్చింది.

"ఇది నువ్వు చదివినవా?" అన్నాను.

"రాత్రి బడిల అక్షరాలు నేర్చినంక సదివిన ఒక్కటే బుక్కు ఇది. అన్ని తప్పులే మేడం. ఉప్పు లెక్క తప్పు, ఆవపిండి లెక్క తప్పు."

"మరి ఎందుకు పెడుతున్నవ్?"

"తీస్కపోయినోళ్ల పచ్చడి ఖరాబైతది గదా, అప్పుడు నన్నడగనీకి వస్తరు."

చీటీ మీద అదే రాసింది. 'ఇందుల ఉప్పు తప్పు. జమ్ములమ్మను అడుగున్రి.'

నేను నాలుగు పెట్టాను. ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. మాది వీపనగండ్ల. మా నాయన ఇస్రాయేలు, అమ్మ ఏడాదిలో సగం కూలికి, సగం మట్టి పనికి పుణె పోయి నన్ను హాస్టల్లో చదివించారు. చదువంటే నాకు పరీక్షే. ఏ పుస్తకం ఎవరు రాశారు, ఏ సంవత్సరం బహుమతి వచ్చింది, ఏ వర్గం కింద సర్దాలి, అన్నీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మార్కుల కోసం కాకుండా ఒక నవలను మొదటి నుంచి చివరిదాకా చదవడం మాత్రం ఎన్నడూ చేయలేదు. నా నాలుగు పుస్తకాలూ ఆ పరీక్ష బిట్ల జ్ఞాపకంలోంచి తీసినవే. వాటిలో ఒకటి 'నాగన్న పుట్టి' అనే నవల. పుట్టి అంటే మా కృష్ణలో జనాన్ని దాటించే గుండ్రటి తెప్ప. దాని చీటీ మీద ఇలా రాశాను: 'ఏటి ఒడ్డు బతుకును కళ్లకు కట్టే గొప్ప నవల. తప్పక చదవాలి. రెబెకా.'

మొదటి రోజే దాన్ని వెంకటన్న తీసుకున్నాడు. పెంట్లవెల్లి దారిలో ఒక మామిడి తోటలో ఏడాది పొడుగునా పనికుంటాడు. యాభై దాటాయి. ఏడో తరగతితో బడి మానేశాడు కానీ వారానికొక పుస్తకం చదువుతాడు. లాల్ అహ్మద్ అన్న పద్ధతి ఏమిటంటే, ఏ పుస్తకం చదవాలో చెప్పే ముందు ఆ రోజు ఏం పని చేశావని అడుగుతాడు.

"ఇయ్యాల ఏం చేసినవ్ వెంకటన్నా?"

"పొద్దంత పాదులు తవ్విన. నడుములు పోయినయ్."

"అయితే లారీ బుక్కు తీస్కపో. కూసున్న కాడ్నే పన్నెండు రాష్ట్రాలు తిరుగుతవ్."

"వద్దులే. పెద్ద సదువు సదివిన మేడం తప్పక సదవాలె అని రాసింది. గదే తీస్కపోత."

తొమ్మిది రోజులకు తిరిగి తెచ్చాడు. బల్ల మీద పెట్టి నా దగ్గరికే వచ్చాడు.

"మేడం, బుక్కు మంచిగున్నది. ఒక్క ముచ్చట నాకు సమజ్ కాలే. నాగన్న, వాని బామ్మర్ది పొలం గట్టు మీద కొట్లాడుకుంటరు గదా. అయినంక ఇద్దరు ఒక్క పుట్టిల ఏరు దాటుతుంటరు. నడిమిట్ల నీళ్లు ఎక్కువైతయ్. నాగన్న తెడ్డు పైకెత్తుతడు. గంతే. ఆడికెళ్లి నాగన్న ఒక్కడే అంగట్ల పల్లీలు అమ్ముతుంటడు. బామ్మర్ది పేరే రాదు. వాడేమైండు?"

ఆ బామ్మర్ది ఎవరో కూడా నాకు తెలియదు. చదవలేదని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. హాలులో నలుగురు తలెత్తి చూస్తున్నారు.

"అది రచయిత శిల్పం, వెంకటన్నా," అన్నాను. "గొప్ప రచయితలు అన్నీ చెప్పరు. ఖాళీ వదులుతారు. అది పాఠకుడే నింపుకోవాలి."

"ఓహో. నన్నే ఆలోచించుకోమన్నడన్నట్టు," అని పుస్తకం మళ్లీ తన పేరు మీదే రాయించుకుని పోయాడు. ఇంత శ్రద్ధగా చదివే మనిషి అని మెచ్చుకుని, ముగింపు సభలో మాట్లాడేవాళ్లలో అతని పేరు వేయించాను. 'పాఠకుడి మాట: నాగన్న పుట్టి. శ్రీ వెంకటన్న.' కార్డులు అచ్చయి వచ్చాయి. ముఖ్య అతిథి గద్వాల నుంచి వచ్చే రిటైర్డు తెలుగు లెక్చరరు.

వారోత్సవాలు మొదలయ్యాయి. నాలుగో రోజు బస్టాండు ముందరి చాయ్ హోటల్ కాడికి పోతే లోపల ఒకటే లొల్లి.

"నూకిండు! తెడ్డుతోనే ఒక్కటి ఏసిండు!" వెంకటన్న గొంతు అది.

"అక్కను చేస్కున్నోడు బామ్మర్దిని ఎట్ల సంపుతడే?" ఇంకెవరో అన్నారు.

"గట్టు పంచాయితీ అంటే ఏమనుకున్నవ్? నాగన్న పక్కా ఖూనీకోరు. పైకి మంచోని లెక్క పల్లీలు అమ్ముకుంటుండు."

నన్ను చూసి వెంకటన్న లేచాడు. "రాన్రి మేడం. మా బామ్మర్ది భాస్కర్ నిన్నటి నుంచి నా బండి ఎక్కుతలేడు, సూడున్రి. మీరు చెప్పినట్టు ఖాళీ నింపిన. ఎల్లుండి గాక ఆవలెల్లుండి మీటింగుల మొత్తం చెప్త."

చాయ్ తాగకుండానే వచ్చేశాను. సభను నడిపేది నేనే, అతన్ని పరిచయం చేయాల్సింది నేనే. కనీసం అప్పుడైనా ఆ పుస్తకం చదవాలనిపించింది. వెంకటన్న దాన్ని మధ్యాహ్నం తిరిగి ఇచ్చి పోయాడు. మరునాడు పొద్దున ఏడింటికే వచ్చి తలుపు తీసుకుని కూర్చున్నాను. చదివితే బాగుంది. కొట్లాట దగ్గర మా ఊరి మనుషుల గొంతులే వినబడ్డాయి. పుట్టి నది నడుమకు వచ్చింది. 'నాగన్న తెడ్డు పైకెత్తాడు.' పక్క పేజీ మొదలుపెట్టాను. 'అంగట్లో పల్లీల ధర పడిపోయింది.'

పేజీ కింద అంకె చూశాను. నూట తొంభై మూడు. ఎడమ పక్క చూశాను. నూట డెబ్భై ఆరు.

నడుమ పదహారు పేజీలు లేవు. ఎవరూ చింపలేదు. ఎప్పుడో బైండింగుకు పోయినప్పుడు ఒక మడత మొత్తం జారిపోయింది. కుట్టు సాఫుగా ఉంది. నేను గొప్ప రచయిత శిల్పమని చెప్పింది దాన్నే.

లాల్ అహ్మద్ అన్న వచ్చాక చూపించాను. ఆయన అద్దాలు పెట్టుకుని రెండుసార్లు తిప్పి చూశాడు.

"అరె! పదహారు పేజీలు మాయం. వెంకటన్నకు చెప్పలేదా మీరు?"

"నేను చదవలేదు అన్నా. చదవకుండానే చెప్పిన."

ఆయన పుస్తకం మూసి అద్దాలు తీశాడు. "ఫికర్ చెయ్యకున్రి. టైం లేదని చెప్పి ఆయన పేరు తీసేద్దాం. ఎవ్వరికి తెల్వదు."

"కార్డు మీద పేరు పడ్డది. ఆయన భార్య రాధమ్మక్క సభ కోసం కొత్త అంగీ కొన్నదట. తీసేస్తే ఏమనుకుంటడు?"

"మరి మాట్లాడితే? వచ్చే సారు గీ బుక్కును కాలేజీల ఇరవై ఏండ్లు చెప్పిండంట. నాగన్న ఖూనీకోరని వెంకటన్న మైకుల అంటే, ఆ సారు ముంగట ఏమైతది?"

ఏమవుతుందో నాకు కనబడుతూనే ఉంది. ఏడో తరగతి చదివినవాడు తెలియక మాట్లాడాడని నవ్వుతారు. మళ్లీ వెంకటన్న మా గడప తొక్కడు. తప్పు నాది, నవ్వు అతని మీద. అది జరగనివ్వకూడదు అనుకున్నాను.

వనపర్తిలో నాకు తెలిసిన గ్రంథపాలకురాలు ఫరాకు ఫోన్ చేశాను. వాళ్ల దగ్గర ఇంకో కాపీ ఉంది. మరునాడు సెలవు పెట్టి పాన్‌గల్ మీదుగా పోయే బస్సెక్కాను. ఆ పదహారు పేజీలు అక్కడే కూర్చుని చదివి, జిరాక్సు తీయించుకుని, సాయంత్రానికల్లా నేరుగా తోటకు పోయాను. వెంకటన్న మోటరు దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు.

"ఏంది మేడం, గింత దూరం వచ్చిన్రు?"

నిలబడే చెప్పాను. పుస్తకం నేను చదవలేదని, చదివినట్టు సంతకం పెట్టానని, నువ్వు అడిగితే తోచింది చెప్పానని, అది ఖాళీ కాదు, ఊడిపోయిన పేజీలని. ఒక్క మాటా మింగలేదు.

వెంకటన్న తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"పేజీల నంబర్లు నువ్వు చూసుకోలేదా?" అని నోరు జారాను.

"నేను కథ సూస్తనమ్మా. నంబర్లు సూసేది మీ పని."

జిరాక్సు కాగితాలు చేతికిచ్చాను. అతను మోటరు దిమ్మె మీద కూర్చుని, ఒక్కో కాగితం చదివి కిందపెట్టి, మీద చెప్పు పెట్టాడు గాలికి ఎగరకుండా. పుట్టి మునుగుతుంటే నాగన్న ఎత్తిన తెడ్డు బామ్మర్దికి అందించడానికే. ఇద్దరూ ఒక బండ ఎక్కి, నీళ్లు తగ్గేదాకా పొద్దంతా అక్కడే కూర్చుంటారు. గట్టు పంచాయితీ అక్కడే తెగుతుంది. తెల్లారి బామ్మర్ది ఆలుబిడ్డలతో వలస పోతాడు, అందుకే మళ్లీ కథలోకి రాడు.

చివరి కాగితం పెట్టి వెంకటన్న తల పట్టుకున్నాడు.

"పాపం గదా మేడం! బంగారమసొంటి మనిషిని పట్టుకుని ఖూనీకోరని బస్టాండంత చెప్పిన."

"నా వల్లనే."

"మీ వల్లనే," అన్నాడు మొహమాటం లేకుండా. "పెద్ద సదువు సదివినోళ్లు తెల్వదు అంటే మేం ఏమన్న కొడ్తమా? ఆ ఒక్క మాట అంటే నాకు ఇన్ని దినాల పరేషాన్ తప్పుతుండె."

"రేపు సభలో ముందు నేనే మాట్లాడతాను. జరిగింది జరిగినట్టు చెబుతాను. తర్వాత నువ్వు మాట్లాడాలె."

"నేనెందుకింక? అందరు నవ్వుతరు."

"నవ్వితే నన్ను చూసి నవ్వుతారు. నీ మాట ముందు నా మాట ఉంటుంది."

అతను వస్తాననలేదు, రాననలేదు. కాగితాలు మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాడు.

మరునాడు హాలు నిండింది. లెక్చరరు సారు ముందు వరసలో కూర్చున్నారు. వెంకటన్న, రాధమ్మ ఆఖరి వరసలో. అంగీ మడతలు ఇంకా పోలేదు. నేను మైకు తీసుకున్నాను. చదవని పుస్తకానికి సంతకం పెట్టానని, జారిపోయిన మడతను శిల్పమన్నానని చెప్పాను. ముందు పరీక్షల పిల్లలు నవ్వారు, తర్వాత హాలంతా నవ్వింది. నవ్వు ఆగేదాకా మైకు పట్టుకునే నిలబడ్డాను. తర్వాత వెంకటన్న పేరు పిలిచాను.

వచ్చాడు. మైకు మరీ దగ్గర పెట్టుకున్నాడు.

"అందరికి నమస్తే. నాకు ఇయ్యాల ఒకటే పని. నాగన్న ఖూనీ చెయ్యలే. బస్టాండు కాడ నా మాట విన్నోళ్లంత ఇప్పుడు మళ్ల ఇనున్రి. చెయ్యలే. భాస్కర్, నువ్వు గూడ ఇను. బండెక్కు."

ఈసారి నవ్వులో లెక్చరరు సారు గొంతు కూడా ఉంది. వెనక నుంచి ఒకరు లేచారు. "మరి తెడ్డు ఎందుకెత్తిండన్నా?" అన్నారు.

"అది నేను చెప్తే మళ్ల తప్పు చెప్పినోన్ని అయిత," అన్నాడు వెంకటన్న. జేబులోంచి కాగితాలు తీసి నా వైపు చాపాడు. "మేడం, గీ పదహారు పేజీలు మీరు సదువున్రి. అందరికి ఇనవడేటట్టు, మెల్లగ."

సారు గడియారం చూసుకోలేదు. పిల్లలు పెన్నులు పక్కన పెట్టారు. జమ్ములమ్మ ఫ్యాను చప్పుడవుతోందని కట్టేసింది. నేను కాగితాలు సరిచేసుకుని, అంకెలు ఒకసారి వరసగా చూసుకుని, నూట డెబ్భై ఏడో పేజీ మొదలుపెట్టాను.