బల్ల కింద చుట్టాలు

ముందు డ్రైవరు గొంతు గురించి చెప్పాలి. ఆయన నడిపిన బస్సుకి హారన్ పాడైపోతే ఏడాది దాకా ఎవరూ కనిపెట్టలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి ఒక్కసారి "జరగండి" అన్నాడంటే ఎదురుగా వచ్చే లారీ వెనక్కి వెళ్లిపోయేది. తర్వాతి స్టాపులో జనం ఆ కేక విని గొడుగులు మడిచి సిద్ధంగా నిలబడేవాళ్లట. అట ఏమిటి, నిలబడేవాళ్లు.

అలాంటి మనిషి రిటైరయ్యాక ఊరికే కూర్చుంటాడా? వంశవృక్షం మొదలుపెట్టాడు. ముత్తాతల్నీ, వాళ్ల భార్యల్నీ, మేనత్తల్నీ కొమ్మకొకరు చొప్పున కంప్యూటర్లోకి ఎక్కించాడు. ప్రతి పేరు పక్కనా ఆ మనిషి సమాధి ఎక్కడుందో చెప్పే జీపీఎస్ అంకెలు. రాళ్లు అరిగినా, గుట్టలు కుంగినా ఈ అంకెలు మాత్రం చెక్కు చెదరవని కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. కనిపించని అక్కకి ఫోన్లో చెప్పాడు. కళ్లకు గంతలు కట్టుకునైనా అమ్మ దగ్గరికి తీసుకెళ్తానన్నాడు.

అదే కొంప ముంచింది. అక్క బయల్దేరి వచ్చేసింది.

అమ్మ పోయినప్పుడు అక్క పురిట్లో ఉంది. ఆఖరి చూపు దక్కలేదు. ఆ తర్వాత పిల్లలు, సంసారం, మోకాళ్లు, ఏదో ఒకటి అడ్డం పడుతూనే వచ్చింది. ఇప్పుడు నల్లరాయి మీద అమ్మ పేరు చెక్కించి, కారు డిక్కీలో వేసుకుని, ఈసారి బిగించి గానీ కదలనంది. సిమెంటు పని కోసం మేస్త్రిని కూడా మాట్లాడుకున్నారు.

తీరా శ్మశానం గేటు తీస్తే లోపల అంతా నడుము లోతు గడ్డి. ఎండాకాలంలో డ్రైవరు వచ్చినప్పుడు నేల బోడిగుండులా ఉంది. అప్పుడు ముసలి కాపలాదారు దగ్గరుండి ఒక్కో గుట్టా చూపించాడు. ఆయన ఇప్పుడు కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. అమ్మ గుట్ట మీది చెక్క పలకని చెదలు ఎప్పుడో తినేశాయి.

"గడ్డి సంగతి మనకెందుకు, ఫోనుంది కదా" అన్నాడు డ్రైవరు. ముందుగా ముత్తాతతో మొదలుపెడదామని ఆ అంకెలు నొక్కాడు. ఫోను నడవమన్న వైపు నడిచాడు. కుళాయి పక్కన, చెట్టు నీడలో ఒక సిమెంటు బల్ల. చేరుకున్నారు అంది ఫోను. ముత్తాత భార్యని నొక్కాడు. అదే బల్ల. మేనత్తని నొక్కితే ఫోను అడుగు కూడా కదలమనలేదు.

"ఒకే బల్ల కింద ఇంతమందా? బతికున్నప్పుడు ఒక గదిలో ఇద్దరు పట్టేవాళ్లు కాదురా తమ్ముడూ" అని గొణిగింది అక్క.

డ్రైవరు బల్లనీ, వెంట వచ్చిన భార్యనీ మార్చి మార్చి చూశాడు. ఆ రోజు ఏం జరిగిందో అప్పుడు గుర్తొచ్చింది. ఆయన వేలు ఒకసారి పడితే మూడు అక్షరాలు నొక్కుకుంటాయి కాబట్టి ఫోను భార్య చేతికిచ్చాడు. ఎండలో తిరగడం ఎందుకని ఆవిడ ఈ బల్ల మీద కూర్చుంది. ఆయన గుట్ట గుట్టకీ వెళ్లి అక్కడినుంచే పేరు అరిచాడు. ఆవిడ ఇక్కడే పేరు కొట్టి, గుర్తు పెట్టింది. ఫోను ఎక్కడుంటే అంకెలు అక్కడివే వస్తాయని ఇద్దరికీ తట్టలేదు. ఆ గొంతుతో అరిస్తే ఫోనుకి మాత్రం వినపడదా అనుకున్నారు కాబోలు.

మేస్త్రి తాపీ తిప్పుతూ, కలిపిన సిమెంటు గట్టిపడితే రాయిని బల్లకే అతికించాల్సొస్తుందన్నాడు. అక్క నవ్వలేదు. రాయి మీది అమ్మ పేరుని చీర కొంగుతో తుడుస్తూ కూర్చుంది. అది చూసి డ్రైవరు గడ్డిలోకి దూకాడు. ఈ గుట్టా? ఆ గుట్టా? అన్నీ ఒక్క పోలికే. ఎవరి అమ్మ మీదో తన అమ్మ పేరు బిగిస్తే? అక్క మోకాళ్లు మళ్లీ ఇంత దూరం రానిస్తాయా?

"అత్తయ్యది నొక్కలేదేం?" అంది భార్య.

"అదీ బల్లే చూపిస్తుంది. అక్క ముందు ఇంకా పరువు తియ్యకే."

"నొక్కి చూడండి."

ఆయనకి ధైర్యం చాలలేదు. ఆవిడే ఫోను లాక్కుని నొక్కింది. ఫోను బల్లని వదిలేసి, గోడ వారగా లోపలికి నడవమంది. ఇదొక్కటే ఎలా తప్పించుకుంది?

భార్య అక్క చెయ్యి పట్టుకుని నడిపిస్తూ, ఆయన వైపు చూడకుండా చెప్పింది. "ఆ రోజు అక్కడికెళ్లాక మీరు అరవలేదు. ఎంతసేపటికీ గొంతు రాలేదు. పెళ్లయ్యాక మీరంత సేపు నోరు మూసుకోవడం ఎప్పుడూ ఎరగను. ఎండదెబ్బేమోనని పరిగెత్తుకొచ్చాను. చూస్తే గుట్ట పక్కన కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నారు. ఏమీ అడక్కుండా పక్కనే నిలబడి గుర్తు పెట్టేశాను."

"నువ్వు మంచినీళ్లు తెచ్చావనుకున్నాను" అన్నాడు డ్రైవరు. ఆ మాట పక్కనున్న మేస్త్రికి కూడా సరిగ్గా వినపడలేదు.

ఫోను ఆగమన్న చోట మేస్త్రి పారతో గడ్డి చెక్కాడు. పార ఠంగుమంది. సగం ఇటుక. ఆ రోజు గుర్తుకని తలవైపు తనే పాతిన ముక్క. డ్రైవరు దాన్ని చేతిలోకి తీసుకుని, తప్పిపోయి దొరికిన పిల్లాడిని నిమిరినట్టు మట్టి దులిపాడు.

రాయి బిగిసింది. అక్క కష్టపడి మోకాళ్లు వంచి కూర్చుని, "అమ్మా, నేనొచ్చానే" అంది. మామూలుగానే అంది. చెట్ల మీది కాకులన్నీ లేచి పక్క ఊరు పోయి, సాయంత్రానికి గానీ రాలేదు. మేస్త్రి చేతిలో తాపీ కిందపడింది. ఆ గొంతు డ్రైవరుకి ఎక్కడినుంచి వచ్చిందో మేస్త్రికి అప్పుడు తెలిసింది. ఆ ఇంట్లో ఆయనే చిన్న గొంతువాడు.

తర్వాత అక్క లేచి, చీర దులుపుకుని, ఫోను తమ్ముడి చేతిలో పెట్టింది. అమ్మ చోటు దొరికేసరికి, అక్కణ్నుంచి కాపలాదారు చూపించిన వరస ఆయనకి గుర్తొచ్చింది. బల్ల కింద ఇరుక్కున్న చుట్టాలందరినీ ఎవరి చోటికి వాళ్లని పంపేదాకా ఇంటికి పోయేది లేదంది. బల్ల మీద మాత్రం మరదల్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నువ్వు తిరగరా. ఇక్కడినుంచి పేర్లు నేనరుస్తాను."