మూడు కాలేజీలూ ఒక బోనూ

మద్రాసు, హైదరాబాదు, బెంగుళూరు. మూడు ఊళ్ల లా కాలేజీల్లోనూ ఓబులేసుకు సీటు వచ్చిందని తెలిసిన రోజున ఇంటికి వచ్చిపోయే జనానికి అంతు లేకపోయింది. పరిగి దగ్గర చిన్న ఊరు వాళ్లది. వాళ్ల వంశంలో బి.ఎ. దాకా వెళ్లినవాడు అతనొక్కడే. నాయన వెంకటప్పకు సంతకం పెట్టడమే కష్టం. అనంతపురంలో అన్నేళ్లు చదివించింది మేనమామ తిమ్మప్ప. ఆ సంగతి ఓబులేసు మరిచిపోదామన్నా ఊరు మరవనిచ్చేది కాదు. అతను మరిచే మనిషీ కాదు.

అతని మనసు మద్రాసు మీద ఉంది. అక్కడ చదివివచ్చిన లెక్చరరు ఒకాయన ఆ లైబ్రరీ గురించి, వాదించడమంటే ఏమిటన్న దాని గురించి చెబుతుంటే అనంతపురంలో నోరు తెరుచుకుని విన్నాడు. హైదరాబాదైనా పరవాలేదు. బెంగుళూరు కాలేజీ సాయంత్రాలు మాత్రమే నడిచేది. పగలంతా ఎక్కడో గుమాస్తాగా పని చేసుకుని, పొద్దు వాలాక వచ్చి చదువుకునే వాళ్లది. మిగతా రెండూ రాకపోతే చూద్దామని దానికి అర్జీ పెట్టాడు.

కానీ అతనికేం కావాలని ఒక్కరూ అడగలేదు.

"బెంగుళూరే మేలు నాయనా," అంది పక్కింటి పాపమ్మ. "నా కండ్లకు మందు తెచ్చిస్తావు."

"హైదరాబాదుకు పో," అన్నాడు తిమ్మప్ప. "మన బాయి కేసు పెనుకొండలో గెలిచినా ఆ పక్కచేని గోవిందమ్మ ఊరుకుంటాదా? పైకి పోతాది. పైకి పోయి పోయి ఆఖరికి చేరేది హైదరాబాదుకే. నువ్వు ఆడుంటే హైకోర్టు వకీలు ఇంటికాడ పొద్దున్నే కూర్చోని కాగితాలు కదిలిస్తాంటావు. చదువూ అయితాది, మన పనీ అయితాది."

"మద్రాసులో చదువు బాగుంటాదంట మామా."

"మద్రాసులో మనకేం కేసుండాదప్పా?"

ఆ మాటకు వసారాలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఓబులేసుకు చీదర పుట్టింది. ఎడ్ల సంతలో దూడ నోరు తెరిచి పళ్లు చూస్తారే, అట్లా చూస్తున్నారు తన చదువును. చివరికి తిమ్మప్పే తీర్మానం చేశాడు. బుధవారం పెనుకొండ కోర్టులో వాయిదా ఉంది. ముందురోజే వెళ్లి వకీలు శేషగిరిరావును అడుగుదాం, ఆయన ఏ కాలేజీ అంటే అదే.

మంగళవారం మధ్యాహ్నం హిందూపురంలో రైలెక్కి నలుగురూ పెనుకొండలో దిగారు. తిమ్మప్ప, వెంకటప్ప, ఓబులేసు, నాలుగోవాడు గంగన్న. గంగన్న తిమ్మప్ప పొలంలో కూలి. వాడెందుకు వస్తున్నాడో ఓబులేసు అడగలేదు.

శేషగిరిరావు పడక్కుర్చీలో కూర్చుని పొడుం పీలుస్తున్నాడు. ధోవతి మీద, పుస్తకాల మీద, ఆఖరికి కోర్టు కాగితాల మీద కూడా ఆ పొడుం మరకలే. కాలేజీల మాట ఎత్తితే చెయ్యి అడ్డంగా ఊపాడు.

"ఆ సంగతి తర్వాత. ముందు సాక్షిని కూర్చోబెట్టండి. ఏరా గంగన్నా, బావి ఎవరు తవ్వించారు?"

"తిమ్మప్ప రెడ్డి తవ్వించినాడు సామీ."

"నువ్వెక్కడున్నావు?"

"నేనే తవ్వినా. కూలి తీసుకోని తవ్వినా."

ఓబులేసు నాయన వంక చూశాడు. వెంకటప్ప తలపాగా విప్పి మళ్లీ చుట్టుకుంటున్నాడు. ఆ బావి గోవిందమ్మ మొగుడు తవ్వింది. తవ్విన మరుసటేడే ఆయన జ్వరమొచ్చి పోయాడు. ఓబులేసు అప్పుడు పదేళ్లవాడు. మామ చేనికి సంగటి మూట తీసుకుపోతూ రోజూ ఆ గట్టు మీద నిలబడేవాడు. గోవిందమ్మ బుట్టతో మట్టి ఎత్తి పోస్తుంటే, లోపలి నుంచి ఆమె మొగుడు, "పిల్లోన్ని అంచుకు రానీయద్దు" అని అరిచేవాడు. అన్నీ కళ్లముందే ఉన్నాయి. కేసు అంటే నీళ్ల వంతు గురించి ఏదో తగాదా అనుకున్నాడే గానీ, బావినే మింగేస్తారనుకోలేదు.

"బావి తవ్విన ఏడు నువ్వు ధర్మవరంలో కదరా పనిచేసింది?" అన్నాడు వకీలు. "పట్టునూలు అద్దకం దగ్గర. అవతలివాడు అడిగితే ఏం చెబుతావు?"

గంగన్న తెల్లబోయాడు. "నేను ధర్మవరం పోలేదని చెప్తా."

"పోయావని పదిమంది చెబుతారు."

"అయితే పోయినా అని చెప్తా."

"అట్లయితే బావి ఎట్లా తవ్వావురా?"

వకీలు తల పట్టుకున్నాడు. తిమ్మప్ప పళ్లు కొరికాడు. ఎంతసేపటికీ ఆ ముడి విడలేదు. ఆ తెలివితక్కువతనం చూడలేక, లెక్క తప్పు చేస్తున్న పిల్లవాడి పలక లాక్కున్నట్టు, ఓబులేసు నోరు తెరిచాడు.

"ధర్మవరం పోయింది నిజమే అని చెప్పు. ఎండాకాలంలో అద్దకం పని తగ్గింది, ఊరికి తిరిగొచ్చినా, బావి తవ్వింది అప్పుడే, వానలు పడినాక మళ్లా పోయినా అని చెప్పు. బావులు తవ్వేది ఎండాకాలమే గదా."

శేషగిరిరావు కుర్చీలో ముందుకు వంగి ఓబులేసును కొత్తగా చూశాడు.

"తిమ్మప్పా, వీడికి కాలేజీ ఎందుకయ్యా? వకీలు గౌను కుట్టించు చాలు."

ఓబులేసు లేచి బయటికి వచ్చాడు. వీధి కాలువ పక్కన నిలబడ్డాడు. కాలేజీ గడప తొక్కకముందే తను నేర్చింది ఇదీ. పైగా ఆ మాట తట్టినప్పుడు, ఎంత సిగ్గుచేటో, లోపల సంతోషం కలిగింది.

మరునాడు కోర్టులో గంగన్న ఆ పాఠం తడుముకోకుండా అప్పజెప్పాడు. గోవిందమ్మ తరపు వకీలు ధర్మవరం సంగతి ఎత్తగానే, "ఎండాకాలంలో పని తగ్గింది సామీ, ఊరికొచ్చినా," అన్నాడు. మున్సిఫు తల వంచుకుని రాసుకున్నాడు. ఓబులేసు వెనక బెంచీలో కూర్చుని ఆ కలం కదలడం చూశాడు. తన మాట, అక్షరం పొల్లుపోకుండా, సర్కారు కాగితం మీదికి ఎక్కుతోంది.

మధ్యాహ్నం భోజనాలకు కోర్టు లేవగానే తిమ్మప్ప ఓబులేసు భుజం మీద చెయ్యి వేశాడు. అంత ఆప్యాయంగా ఎప్పుడూ వేసి ఎరగడు.

"మద్రాసు అంటివి గదరా. మద్రాసే పో. హాస్టలూ పుస్తకాలూ అన్నీ నాయే. నిన్న నువ్వు చేసిన పనికి అది ఎంతలే."

మద్రాసు వచ్చేసింది. ఏ రైలెక్కాలో, ఏ పెట్టె సర్దాలో అన్నీ మనసులో ఎన్నోసార్లు అనుకున్నాడు. ఇప్పుడు ఆ పేరు వింటే ఎంగిలాకులో వడ్డించినట్టుంది.

కాఫీ హోటల్లో గోవిందమ్మ వకీలు ఒక్కడే కూర్చుని ఉంటే వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

"ఆ గంగన్న చెప్పింది అబద్ధం సార్. బావి గోవిందమ్మ మొగుడు తవ్వినాడు. నేను చూసినా."

వకీలు దోసె తింటూనే నవ్వాడు. "నాకు తెలియదా నాయనా? నా దగ్గరా ఒకడున్నాడులే. బావిలో రాళ్లు పేల్చడానికి ఆమె మొగుడికి మందుగుండు అమ్మినానని చెబుతాడు. మనిషి ఆ ఏడు తాలూకాలోనే లేడు గానీ, చెప్పడం గట్టిగా చెబుతాడు."

"నిజం చెప్పేవాళ్లను పిలవచ్చు గదా."

"ఎవరొస్తారు? నీ మామకు ఎదురు నిలబడి ఎవరొస్తారు చెప్పు." చెయ్యి కడుక్కుని తుడుచుకున్నాడు. "అవునూ, నువ్వు లా చదవబోతున్నావంట గదా. అయిపోయినాక నా దగ్గరికి రా. నీలాంటోడు ఇటువైపూ ఉండాల."

ఇటు చూసినా అదే, అటు చూసినా అదే. పొడుం మరక ధోవతికీ, దోసె నూనె అంటిన కోటుకూ తేడా కనిపించలేదు ఓబులేసుకు.

కోర్టు మెట్ల మీద గోవిందమ్మ ఒంటరిగా కూర్చుని ఉంది. ఒళ్లో విప్పని మూట. అతన్ని చూసి కొంగు సర్దుకుంది.

"ఏమప్పా ఓబులేసూ, పెద్ద చదువుకు పోతాండావంట."

"అవునమ్మా."

"మంచిది. నీకు యాదికుండాదా, ఆయప్ప బాయిలో ఉంటే నువ్వు పైనుంచి గులకరాళ్లేసి తిట్లు తింటివి." నవ్వింది. ఆ నవ్వు చివర ముఖం మారింది. "ఆ గంగన్నకు అంత బాగా చెప్పేది ఎవురు నేర్పిచ్చినారో. వాని బుర్రలో పుట్టేది గాదు అది."

ఓబులేసు ఆమె ముందు నుంచి తప్పుకున్నాడు. వేపచెట్టు కింద బీడీ కాలుస్తున్న నాయన దగ్గరికి నడిచాడు.

"నాయనా, ఆ బాయి ఎవురు తవ్విరో నీకూ తెలుసు."

"తెలుసు. తెలిస్తే?"

"నేను పోయి చెప్తా."

వెంకటప్ప బీడీ పారేశాడు. "వాళ్ల ఉప్పు తింటిమిరా. మద్రాసు పోతాది. హైదరాబాదూ పోతాది. ఇంటికొచ్చి ఏం చేస్తావు, నాతోపాటు మీ మామ చేన్లో మడక తోలుతావా?"

"తోలను. నువ్వు మాత్రం ఎన్నాళ్లు తోలతావు?"

నాయన ఇంకో బీడీ ముట్టించుకున్నాడు. కొడుకును ఆపలేదు.

ఓబులేసు వెళ్లి గోవిందమ్మ వకీలుతో రెండు మాటలే అన్నాడు. ఆ మందుగుండు మనిషిని ఇంటికి పంపించెయ్యండి. నన్ను పిలవండి. వకీలు మొదట నమ్మలేదు. తర్వాత గబగబా అర్జీ రాశాడు. కోర్టు మళ్లీ కూర్చోగానే, కొత్త సాక్షి ఏమిటని శేషగిరిరావు లేచి అడ్డం చెప్పాడు గానీ, పేరు వినగానే పొడుం డబ్బా జారి కింద పడింది. మున్సిఫు అర్జీ చదివి అనుమతి ఇచ్చాడు.

ముందు బెంచీలో తిమ్మప్ప కదలకుండా కూర్చున్నాడు. ఓబులేసు బోనులోకి ఎక్కాడు. ప్రమాణం చేయించాక గుమాస్తా వివరాలు అడిగాడు.

"పేరు?"

"ఓబులేసు."

"తండ్రి పేరు?"

"వెంకటప్ప."

"వాదికి ఏమవుతావు?"

"మేనల్లుణ్ణి."

మున్సిఫు తలెత్తి చూశాడు.

"వృత్తి?"

"లా చదవబోతున్నా సార్."

"ఏ కాలేజీ?" అని అడిగాడు మున్సిఫు తనే.

తిమ్మప్ప కళ్లు అతని మీదే ఉన్నాయి. ఆ చూపులో కోపమే కాదు, ఇంకా ఆశ కూడా ఉంది. ఒక్క మాట చాలు, మద్రాసు అన్న మాట, ఆయన దాన్నింకా వాపసు తీసుకోలేదు. ఓబులేసు బోను కర్ర గట్టిగా పట్టుకున్నాడు.

"బెంగుళూరు సార్. సాయంత్రం క్లాసులు."