కురుమయ్య బదులు పొట్టేలు

ఆ పొద్దున ఆకాశమంతా పలచని మబ్బు పరుచుకుంది. వాన మబ్బు కాదు. కోసిన పొట్టేలు కడుపులో పేగుల మీద కప్పుకున్న కొవ్వుపొరలా, సందుసందులోంచీ వెలుగు కారుతోంది.

“సూడు బావా, పైన గూడ తెల్ల కొవ్వే ఉన్నది. మంచి దినమే,” అన్నాడు వెంకట్రాములు కత్తి నూరుతూ.

కురుమయ్య పైకి చూడలేదు. గుంజకు కట్టిన పొట్టేలును చూస్తున్నాడు. దాని వీపు మీద తన గొంగడి ఉంది.

ఇదంతా హైదరాబాద్ దవాఖానలో మొదలైంది. ఎండాకాలంలో కురుమయ్య ఊపిరితిత్తిలోంచి క్యాన్సర్ గడ్డ తీశారు. తీసిన ముక్కను ఇంకో పరీక్షకు పంపారు. డాక్టర్ ఓపికగానే చెప్పాడు. గడ్డలో కొవ్వును వాడుకునే జన్యువులు కొన్ని ఉంటాయట. అవి మందకొడిగా ఉంటే రోగం మళ్ళీ రాకపోవచ్చు. జోరుగా పనిచేస్తుంటే తొందరగా రావచ్చు, అప్పుడు గట్టి మందు ఎక్కించాలి. అదైనా అంచనాయే. రిపోర్టు రావడానికి కొన్ని వారాలు పడుతుంది.

కురుమయ్యకు కొవ్వు అన్న మాటొక్కటే అర్థమైంది. పక్కనున్న బామ్మర్ది వెంకట్రాములుకు మాత్రం అంతా అర్థమైపోయింది.

వెంకట్రాములు వాళ్ళ ఇంట్లో తాతల నాటి నుంచీ పొట్టేలును కోసినప్పుడు కొవ్వుపొరను వెలుతురుకెత్తి చూస్తారు. తెల్లగా సమంగా ఉంటే గొర్రెల మందకు మంచిది. పచ్చబడి గడ్డలు కడితే కీడు. అలా చూసి చెప్పగలిగినవాడు ఇప్పుడు వెంకట్రాములొక్కడే.

“గా డాక్టరు సేసేది మన పనే గద బావా,” అన్నాడు గద్వాల బస్సులో. “కాకుంటే గోరంత ముక్క సూస్తుండు. గోరంత దాంట్ల ఏం తెలుస్తది? నిండు కొవ్వు సూడాలె.”

“నన్ను కోస్తవా ఏంది?”

“నీ బదులు పొట్టేలును కోద్దాం. గని అది నీ లెక్కనే బతకాలె. లేకుంటే కుదరదు.”

అట్లా పొట్టేలు కురుమయ్య మంచం పక్కన పడుకుంది. కురుమయ్య తినే జొన్నరొట్టె తిన్నది. కురుమయ్య బీడీ మానేశాడు గనుక, ఆ బాకీ కూడా దాని మీదే పడింది. వెంకట్రాములు రోజూ దాని ముక్కు దగ్గర కూచుని పొగ వదిలేవాడు. మొదట్లో తుమ్మింది. తర్వాత్తర్వాత అగ్గిపెట్టె చప్పుడు వింటే చాలు, ఉరికి వచ్చేది. కురుమయ్య కూడా మెల్లగా వచ్చి గాలివాలున కూచునేవాడు.

“దాని పొగ నువ్వు మింగుతున్నవా? సిగ్గు లేదా?” అని ఈదమ్మ మొగుణ్ని తరిమేది.

గట్టు, అయిజ ఊళ్ళ నుంచి చుట్టాలు బ్రెడ్డు, బత్తాయిలు పట్టుకుని పలకరించడానికి వచ్చేవారు. కురుమయ్యను ఒక మాట అడిగి, పోయి పొట్టేలు దగ్గర కూచునేవారు. ముసలి బాలనాగమ్మ అయితే దాని గదవ పట్టుకుని ఏడ్చింది. “ఎట్ల సిక్కిపోయినవ్ బిడ్డా!” పొట్టేలు నున్నగా బలిసి ఉంది.

“అత్తా, రోగం నాకు,” అన్నాడు కురుమయ్య.

“నువ్వు జర ఊకో. నీ బతుకు ఇగ దాని శేతుల ఉన్నది.”

బత్తాయిలు పొట్టేలే తిన్నది.

ఎవరూ లేని మధ్యాహ్నాల్లో కురుమయ్య దాని చెవి నిమురుతూ, ఈదమ్మకు కూడా చెప్పని మాట చెప్పేవాడు. “నాకు బయమైతుంది రా.” అది నెమరు వేసేది.

ఇదిగో, కోసే రోజు వచ్చింది. చుట్టాలు దిగారు. ఈదమ్మ మసాలా నూరి పెట్టింది. వెంకట్రాములు పొట్టేలు మీది గొంగడి తీశాడు. అప్పుడు ఫోన్ మోగింది. కురుమయ్య బిడ్డ సౌందర్య హైదరాబాద్‌లో నర్సింగ్ చదువుతోంది. రిపోర్టు కోసం దవాఖానకు పోయింది ఆమే.

“నాయినా... జోరుగనే ఉన్నయంట. సోమారం రమ్మన్నరు. మందు ఎక్కియ్యాలంట.” “మందు పని సేస్తది అంటుండు డాక్టరు. గని ఖాయంగ ఏం జెప్తలేడు.”

పొట్టేలు అగ్గిపెట్టె కోసం వెంకట్రాములు జేబు నాకుతోంది.

“ఆయన సూసింది గోరంత బావా.” వెంకట్రాములు పొట్టేలును దగ్గరికి లాక్కున్నాడు. “నేను నిండుగ సూస్త. తెల్లగ ఉంటదేమో.”

“లేకుంటే?” అన్నాడు కురుమయ్య.

వెంకట్రాములు కత్తిని మళ్ళీ నూరసాగాడు.

కురుమయ్య లేచి వెళ్ళి తాడు విప్పాడు. “నాది సూసిండ్రు. దానిది సూడకుండ్రి. ఇద్దర్ల ఒక్కడన్న తెల్వకుంట బతకని.”

“మరి నీ మందు?” అంది ఈదమ్మ.

“సోమారం పోత. దీన్ని గూడ తోల్కపోయి ఎక్కియ్యమంటవా?”

గొంగడి దులిపి తన భుజాన వేసుకున్నాడు.

నూరిన మసాలా పారెయ్యలేక ఈదమ్మ అందులో వంకాయలు వేసింది. ఇల్లంతా మటన్ వాసన. అందరూ వరసగా కూచుని రొట్టె విరుచుకున్నారు. ముక్క ఏదని ఎవరూ అడగలేదు. వెంకట్రాములు చెవి మీది బీడీ అంటించకుండానే తలవంచుకుని తిన్నాడు. కురుమయ్య పక్కన పొట్టేలు తన రొట్టె తాను నములుతోంది.